ఖాళీ చేయించాం సరే, ఖర్చులు ఎవరివి? విజయనగరం కోర్టులో నా అనుభవం

"గెలిచారుగా, ఖర్చులు కూడా వాడి చేతే కక్కించి ఉంటారు" అని మా చుట్టాల్లో అడగనివాళ్లు లేరు. లేదండి, కక్కించలేదు. ఎందుకు కక్కించలేకపోయేమో, కోర్టు ఎంత రాసిందో, మాకు నిజంగా ఎంతైందో రాస్తున్నా, ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకీ అద్దెకున్నవాళ్లకీ ఇద్దరికీ పనికొస్తుందని. నేను లాయర్ని కాదు, శ్రీకాకుళంలో టీచర్ని, ఇది మా అమ్మ ఇంట్లో అద్దెకున్నాయన్ని ఖాళీ చేయించిన గొడవ. 2014 నుంచి 2017 దాకా నడిచింది, ఆ తర్వాత అద్దె చట్టాలు మారేయి కాబట్టి ఇప్పుడు మీకు ఇలాంటిది వస్తే మీ లాయర్ని అడిగే అడుగు వెయ్యండి.

ఇల్లు విజయనగరంలో, గంటస్తంభం నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. పైన అమ్మ ఉంటుంది, కింద పోర్షన్ అద్దెకి. నాన్న పోయేక ఆ అద్దె డబ్బుల్తోనే అమ్మకి మందులూ కరెంటు బిల్లూ పాలవాడూ అన్నీ. కింద ఉన్నాయనది ఫ్యాన్సీ సామాన్ల వ్యాపారం, నెలకి 4,500, మొదటి రెండేళ్లూ ఒకటో తారీకు దాటితే ఆయనే మేడెక్కి వచ్చి "పిన్నిగారూ, నాల్రోజులు ఆగండి" అని చెప్పి వెళ్లేవాడు, అంత మంచిగా ఉండేవాడు. మనిషి చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. విశాఖ గురించే అందరూ మాట్లాడేరు గానీ మా ఊరికీ దెబ్బ గట్టిగానే తగిలింది, రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ల మోటార్లు లేవు. మా వెనక వరండా రేకులు లేచిపోయి ఎవరింట్లో పడ్డాయో కూడా తెలీలేదు. రేకులు దొరకని రోజులు అవి, ఆయనే ఎక్కణ్నుంచో తెప్పించి వేయించేడు, అమ్మ కూడా "అద్దెలో కోసుకో బాబూ" అంది. బిల్లు పధ్నాలుగు వేలు. మూడు నెలలు అద్దె ఇవ్వలేదు, సరే, లెక్క సరిపోయింది. నాలుగో నెల కూడా ఇవ్వలేదు. ఐదో నెల అమ్మ అడిగితే రేకులొక్కటేనా, గోడకి ప్లాస్టరింగూ కరెంటు వైరింగూ కలిపి అరవై వేలయింది నాకు అన్నాడు. బిల్లులేవీ అంటే తుఫానులో బిల్లులెవరిస్తారండీ అన్నాడు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. రిపేరు చెయ్యమని ఓనర్‌కి చెప్పినా టైముకి చెయ్యకపోతే అద్దెదారు తనే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు, ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 108లోనే ఉంది. కాబట్టి ఆయన వాదనకి అసలు కాళ్లే లేవని కాదు, గొడవంతా ఎంత అన్నదాని మీదే. పెద్దమనుషుల్లో పెట్టేం, కుదర్లేదు. అప్పటికి అమ్మకి మోకాళ్లు పట్టేసి మెట్లు ఎక్కలేకపోతోంది, కింద పోర్షన్ మాకే కావాలి, ఖాళీ చెయ్యమన్నాం. "ఎల్లిపొమ్మంటే ఎక్కడికెల్తామండి, పిల్లల చదువు మధ్యలో ఉంది" అన్నాడు. పరీక్షలయ్యేదాకా ఆగేం. అయ్యేక మళ్లీ అదే మాట.

ఈ టైములో సలహాలిచ్చేవాళ్లకి తక్కువలేదు. పక్కింటి మావయ్య ఒకాయన "కరెంటు ఫ్యూజు పీకీ, కుళాయి కట్టీ, మూడ్రోజుల్లో ఆడే పోతాడు" అని, ఇంకొకాయన నలుగురు కుర్రాళ్లని పంపిస్తానని. లాయర్ గారి దగ్గర ఈ మాటంటే ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "అమ్మా, మీరు బలవంతంగా వెళ్లగొడితే ఆయన ఆర్నెల్లలోపు స్పెసిఫిక్ రిలీఫ్ యాక్టు సెక్షన్ 6 కింద దావా వేసి మళ్లీ లోపలికొచ్చేస్తాడు, ఇల్లు ఎవరిదని కూడా కోర్టు అడగదు, అప్పుడు ఆ ఖర్చు కూడా మీదే" అన్నారు. ఆ మాటతో ఇంట్లో ఫ్యూజు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ముందు నోటీసు. నెలవారీ అద్దె అయితే 15 రోజుల గడువిస్తూ నోటీసు ఇవ్వాలి, అదే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106. రిజిస్టర్ పోస్టులో పంపించేం, ఆయన తీసుకోలేదు. కవరు వెనక్కొచ్చింది, దాని మీద పోస్ట్‌మేన్ ఎర్ర ఇంకుతో అడ్డంగా 'రెఫ్యూజ్డ్' అని రాసి కింద తారీకు వేసేడు. నేను చింపబోతే లాయర్ గారు చటుక్కున లాక్కుని "విప్పకండమ్మా, ఇలాగే కోర్టులో పెడతాం, తీసుకోనన్నాడంటే అందినట్టే లెక్క" అన్నారు. ఆ కవరు విప్పకుండానే కేసు ఫైల్లోకి వెళ్లింది, ఎగ్జిబిట్ నంబరు కూడా వేసేరు దానికి.

తర్వాత ఆయన రెండే ప్రశ్నలు అడిగేరు, అద్దెంత, ఇల్లెప్పుడు కట్టేరు. రెండూ విని, మీకు రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు, మామూలు సివిల్ దావా వెయ్యాలి అన్నారు. కోర్టు ఫీజు గురించి నేను చాలా భయపడ్డాను, ఇంటి విలువ మీద కట్టాలేమో లక్షలవుతుందేమో అని. అలా కాదట, అద్దెదారుని ఖాళీ చేయించే దావాకి ఏడాది అద్దె మీదే ఫీజు, ఆంధ్రప్రదేశ్ కోర్టు ఫీజుల చట్టం 1956లో ఉంది. బాకీ అద్దెకి వేరే. మొత్తం కలిపినా పెద్ద మొత్తమేం కాలేదు, మా ఖర్చులో కోర్టుకి కట్టింది చాలా తక్కువ అని ముందే చెప్పేస్తున్నా.

మరి డబ్బులు ఎక్కడికి పోయేయంటే, లాయర్ ఫీజు విడతలవారీగా ముప్పై వేలు, అది న్యాయమైన ఫీజే, ఆయన కష్టపడ్డారు. ఆ పైన గుమస్తా ఖర్చులు, టైపింగు, జిరాక్సులు, సమన్లు అందించడానికి కట్టే బత్తా, సర్టిఫైడ్ కాపీలు. శ్రీకాకుళం నుంచి బస్సు దాదాపు రెండు గంటలు, వాయిదా రోజు పొద్దున్నే బయల్దేరాలి, సీఎల్ పెట్టాలి. సీఎల్స్ అయిపోయేక జీతం కోత. సాయంత్రం తిరుగు బస్సులో కూచుని ఇవాళ ఏం జరిగిందని ఆలోచిస్తే, ఏమీ జరగలేదు, ఇంకో తారీకు ఇచ్చేరు, అంతే.

అవతలాయన జవాబు దావాకి ఎంత టైము తీసుకున్నాడంటే... చట్టం ప్రకారం 30 రోజులు, కారణం చెప్పుకుంటే 90 దాకా. ఆ 90 కూడా దాటింది. ఒక పార్టీకి కేసు మొత్తం మీద మూడు వాయిదాలు మించి ఇవ్వకూడదని కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది, నేను ఎక్కడో చదివి లాయర్ గారికి చెప్తే ఆయన కోప్పడలేదు, నవ్వేరు. ఒకసారి మాత్రం జడ్జి గారు విసిగిపోయి 200 రూపాయల ఖర్చుల మీద వాయిదా ఇచ్చేరు. ఆ రెండొందలు నా చేతికి వచ్చేయి కూడా. ఆ రోజు రానూపోనూ బస్సుకీ అమ్మకీ నాకూ టిఫిన్‌కీ సరిపోయేయి, పోయిన సీఎల్‌కి మాత్రం రేటు ఎవరూ కట్టలేదు.

మధ్యలో ఒక పని మాత్రం బాగా జరిగింది. కేసు నడుస్తున్నంతకాలం అద్దె కోర్టులో కట్టాలని, కట్టకపోతే అవతలి వాదన కొట్టెయ్యాలని పిటిషన్ వెయ్యొచ్చు, మన రాష్ట్రంలో సీపీసీకి, అంటే ఆ సివిల్ ప్రొసీజర్ కోడ్‌కే, ఆర్డర్ 15-ఏ అని చేర్చేరు. అది వేసేం. ఆర్డరు వచ్చేక ఆయన కొంత కట్టేడు, పూర్తిగా కాదు, కానీ కట్టడం మొదలెట్టేడు. అద్దె కేసు వేసేవాళ్లు ఇది మొదటి రోజే లాయర్‌తో మాట్లాడండి, ఎందుకంటే ఊరికే ఉండనిస్తే ఎవరికి మాత్రం తొందర ఉంటుంది చెప్పండి.

అమ్మ జీపీఏ, అంటే తన తరఫున వ్యవహారాలు చూడమని పవరాఫ్ అటార్నీ, నాకు రాసిచ్చింది కదా సాక్ష్యం నేనే చెప్పేస్తా అనుకున్నా. కుదర్దట, అమ్మకి స్వయంగా తెలిసిన విషయాలు అమ్మే చెప్పాలి, పవరాఫ్ అటార్నీ పట్టుకున్నవాళ్లు వాళ్ల బదులు చెప్పకూడదని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చేసింది. దాంతో మోకాళ్ల నొప్పులతో అమ్మ బోనెక్కింది. అవతలి లాయరు అద్దె ముట్టినట్టు రసీదులు ఇచ్చేవారా అని గట్టిగా అడిగితే, అమ్మ "రసీదులేటి బాబూ, నా పుస్తకంలో ఆ బాబు చేతే సంతకం ఎట్టించుకునీదాన్ని, సూడండి" అంది. అది నిజం. పాలలెక్కల పుస్తకం అది, ఒకవైపు పాలు, ఇంకోవైపు అద్దె, ప్రతి నెలా అంకె పక్కన ఆయన పొట్టి సంతకం, తుఫాను నెల దగ్గర ఆయన చేత్తోనే 'రేకులు 14,000 మినహా' అని. అరవై వేల కథ ఆ పేజీ దగ్గరే ఆగిపోయింది. పదిహేను రూపాయల పుస్తకం మా వైపు ఉన్న అన్ని కాయితాల కంటే ఎక్కువ పని చేసింది.

తీర్పు మాకే వచ్చింది, రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలి, రేకుల పధ్నాలుగు వేలు పోను మిగతా బాకీ కట్టాలి, నోటీసు గడువు తర్వాత ఉన్నందుకు నష్టపరిహారం ఎంతో వేరే పిటిషన్లో తేలుస్తాం, చివర్లో 'ప్రపోర్షనేట్ కాస్ట్స్‌తో'. మేం అడిగిన దాంట్లో కొంత తగ్గించేరు కాబట్టి ఖర్చులూ ఆ వంతునే అని. అప్పటికి నాకు ఆ మాటే పెద్ద పండగలా అనిపించింది.

డిక్రీ, అంటే తీర్పు ప్రకారం ఎవరు ఏం చెయ్యాలో రాసే కాయితం, కాపీ వచ్చేక చివరి పేజీ చూసేను. అందులో ఒక పట్టిక ఉంటుంది, ఒకవైపు వాది ఖర్చులు, ఇంకోవైపు ప్రతివాది ఖర్చులు. దావా మీద స్టాంపు ఇంత, వకాల్తా స్టాంపు ఇంత, ప్రాసెస్ ఫీజు ఇంత, అడ్వకేట్ ఫీజు ఇంత, ఇతరములు ఇంత. వకాల్తా స్టాంపు రెండు రూపాయల చొప్పున కూడా వదలకుండా రాసేరు, కానీ మొత్తం కూడితే పది వేలు కూడా లేదు. నా డైరీలో రాసుకున్నది అప్పటికే యాభై వేలు దాటింది. ముప్పై వేల లాయర్ ఫీజు అందులో ఏ మూలా లేదు. లాయర్ గార్ని అడిగితే, మీరు నాకెంత ఇచ్చేరన్నది కోర్టుకి లెక్క కాదమ్మా, దావా విలువని బట్టి రూల్స్‌లో ఎంతుందో అంతే వేస్తారు, అదికూడా ఫీజు సర్టిఫికెట్ దాఖలు చేస్తేనే, అన్నారు.

అప్పుడు కూచుని చదివేను ఈ ఖర్చుల సంగతి. సీపీసీ సెక్షన్ 35 ప్రకారం మామూలుగా ఓడినవాడే ఖర్చులివ్వాలి, అలా ఇప్పించకపోతే ఎందుకో జడ్జి రాయాలి. అబద్ధపు వాదనతో వేధించినవాడికి వేసే పరిహారం మీద మూడు వేల సీలింగ్ ఉంది, 35-ఏ. వాయిదాలతో లాగినవాడి చేత అప్పటికప్పుడు కట్టించడానికి 35-బి ఉంది. 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఖర్చులంటే నిజంగా అయిన సబబైన ఖర్చులుండాలి, పోయిన టైమూ ప్రయాణమూ లాయర్ ఫీజూ అన్నీ చూడాలి అంది. ఇది చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత 2011 నాటి ఢిల్లీ కేసు చదివేను, అది కూడా ఓనరూ అద్దెదారుల గొడవే, హైకోర్టు నలభై ఐదు లక్షల పైచిలుకు ఖర్చులు వేస్తే సుప్రీంకోర్టు రూల్స్‌లో లేనిది వెయ్యడానికి లేదని తగ్గించేసి, రూల్సే మార్చుకోండి అని చెప్పింది. 2012లో లా కమిషన్ 240వ రిపోర్టు మొత్తం ఈ ఖర్చుల మీదే. అన్ని చోట్లా ఒకటే మాట, ఇప్పుడిచ్చే ఖర్చులు చాలవు అని. డిక్రీ చివరి పేజీ మాత్రం అలాగే ఉంది.

రెండు నెలలయ్యేయి, ఆయన కదల్లేదు. ఈపీ, అంటే డిక్రీ అమలు చేయించే పిటిషన్, వేసేం, మళ్లీ బత్తా, మళ్లీ ఫీజు. వారంటు ఇచ్చే టైముకి ఆయన సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో అప్పీలూ స్టే పిటిషనూ వేసేడు. బాకీలో సగం కడితే స్టే అన్నారు, కట్టేడు, స్టే వచ్చింది. అంటే మళ్లీ మొదటికి.

అప్పుడు లోక్ అదాలత్ మాట వచ్చింది. రెండో శనివారం నేషనల్ లోక్ అదాలత్, ఆయన భార్య కూడా వచ్చింది, ఆవిడే ముందు మాట్లాడింది, "మాకూ లాయరు ఖర్సు అవతాంది కదమ్మా, మీకేనేటి" అని. ఆ మాటకి నాకు కోపం వచ్చింది గానీ అబద్ధమైతే కాదు. రాజీ ఏంటంటే, నెలాఖరుకి తాళం ఇచ్చెయ్యాలి, కోర్టులో కట్టిన డబ్బు మాకు, మిగిలిన బాకీ, నష్టపరిహారం మేం వదిలెయ్యాలి, 'ఎవరి ఖర్చులు వారే భరించుకోవాలి'. నేను ఒప్పుకోనన్నాను. లాయర్ గారు పక్కకి పిలిచి లెక్క చెప్పేరు, అప్పీలు ఇంకో రెండేళ్లు, మీరు గెలిచినా ఆ బాకీ వసూలుకి మళ్లీ ఈపీ, ఆయనకి స్థిరాస్తి లేదు, ఇంట్లో వంటపాత్రలూ మంచాలూ జప్తు చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు, ఏం పట్టుకుంటారు? అమ్మ అయితే "పోనీలేవే, తాళం ఇత్తాడు కదా" అంది, సంతకం పెట్టేసింది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు ఇస్తారు. అక్కడున్న కేసు ఆయన అప్పీలు కాబట్టి వాపసు ఆయనకే వచ్చింది! మా దావా ఎప్పుడో డిక్రీ అయిపోయింది కదా, దాని ఫీజుకి వాపసు లేదు. ఖాళీ చెయ్యనని అప్పీలు వేసినాయనకి ఫీజు తిరిగొచ్చింది, ఖాళీ చెయ్యండి బాబూ అని అడిగిన మాకు రాలేదు. ఇంకా అదే రోజు అక్కడ కూచున్న పారాలీగల్ వాలంటీర్ అమ్మాయి చెప్పింది, ఆడవాళ్లకి ఆదాయంతో పన్లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుందని, 1987 చట్టం సెక్షన్ 12లో ఉందని. ఇల్లు అమ్మ పేరు మీదే కదా. మూడేళ్లలో ఎవరూ ఈ ముక్క చెప్పలేదు మాకు. ఇల్లు ఉన్నావిడకి ఉచిత లాయరేంటి అని మీకనిపించొచ్చు, నాకూ కొంచెం అనిపించింది, కానీ ఆ ఇంటి అద్దె తప్ప వేరే ఆదాయం లేని, ఆ అద్దే ఆగిపోయిన ముసలావిడ లాయర్ ఫీజు ఎక్కణ్నుంచి తెస్తుంది.

ఇక అసలు ప్రశ్న, ఈ ఖర్చు ఎవరిది? అంతా అద్దెదారుదే అనే ఓనర్లతో నేను ఏకీభవించను. కొందరు అగ్రిమెంట్లోనే 'కోర్టు ఖర్చులన్నీ అద్దెదారుడే' అని రాయించేస్తారు, రాసినంత మాత్రాన కోర్టు మొత్తం ఇప్పించేస్తుందనేం లేదు, పైగా అలా రాస్తే ఓనర్ తప్పు కేసు వేసినా అద్దెదారు భయంతో నోరు మూసుకుంటాడు. మా తమ్ముడు హైదరాబాదులో అద్దెకుండేవాడు, ఓనరు పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్సు యాభై వేలూ మింగేసేడు, కోర్టుకెళ్తే అంతకంటే ఎక్కువవుతుందని వీడు వదిలేసేడు. అక్కడ ఖర్చు అద్దెదారుని ఆపేసింది, ఇక్కడ ఓనర్ని ఆపేసింది. నోటీసు ఖర్చూ దావా వెయ్యడానికయ్యే ఖర్చూ ఓనరే పెట్టుకోవాలి, అద్దె తింటున్నాం కదా, అది ఆ వ్యాపారంలో ఖర్చు, పైగా అద్దెదారుకి చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండొచ్చు, మా రేకుల లాగ. కానీ ఒక వాయిదా ఎవరి వల్ల పోయిందో ఆ వాయిదా ఖర్చు వాళ్లదే, అదీ ఆ రోజే, రెండొందలు కాదు, ఎదుటివాళ్లకి నిజంగా ఎంతైందో అంత. మా లాయర్ రానప్పుడు పోయిన వాయిదాకి మేం కట్టాలి, అది కూడా ఒప్పుకోవాల్సిందే. ఆఖర్లో డిక్రీలో రాసే ఖర్చుల మీద నాకు నమ్మకం పోయింది, ఎందుకంటే ఆఖర్లో అందరూ అలిసిపోయి ఉంటారు, తాళం కోసం దేన్నయినా వదిలేస్తారు. అలిసిపోయిన మనిషి చేతే ఎవరి ఖర్చులు వారివే అని సంతకం పెట్టిస్తారు.

అమ్మ ఇప్పుడు కింద పోర్షన్లోనే ఉంటోంది, మేడ మీద అద్దెకిచ్చేం. కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్టులో, అంటే రాష్ట్రాలకిచ్చిన నమూనా అద్దె చట్టంలో, ఒక పద్ధతి ఉంది, గడువు దాటేక ఖాళీ చెయ్యకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు. ఆ నాలుగు రెట్లు నాకు మరీ ఎక్కువనిపించింది, కొత్త అగ్రిమెంట్లో ఖర్చుల మాటే తియ్యకుండా గడువు దాటితే రెట్టింపు అద్దె అని ఒక్క క్లాజు రాయించేను. అదైనా కోర్టు సబబు అనుకున్నంతే ఇప్పిస్తుంది, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 అలాగే ఉంది అని లాయర్ గారు ముందే చెప్పేరు. ఇప్పుడొచ్చిన కుర్రాడు బ్యాంకులో పని చేస్తాడు, సంతకం పెట్టే ముందు రెండుసార్లు చదివి, "మేడం, మరి నేను ఖాళీ చేసేక మీరు అడ్వాన్సు లేటు చేస్తే నాకూ ఇలాగే రెట్టింపు ఇస్తారా" అని అడిగేడు. నెల గడువు పెట్టి ఆ లైను కూడా పెన్నుతో రాసి, పక్కన ఇద్దరం సంతకాలు పెట్టేం.